అప్‌లింక్‌లో వంతుల చరిత్ర

సెల్యులార్ రేడియోలో ఫోన్ నుంచి బేస్ స్టేషన్‌కు సమాచారం వెళ్లే దారిని అప్‌లింక్ అనీ, అక్కడి నుంచి ఫోన్‌కు వచ్చే దారిని డౌన్‌లింక్ అనీ అంటారు. డౌన్‌లింక్‌లో పంపవలసినదంతా బేస్ స్టేషన్ చెంతనే వరుసకట్టి ఉంటుంది కనుక ఎవరికి ఎప్పుడు ఎంత పంపాలో అది తానే తేల్చుకోగలదు. అప్‌లింక్‌లో సరుకు ఫోన్లలో చెల్లాచెదురుగా ఉంటే, పంచే అధికారం మాత్రం బేస్ స్టేషన్‌ది. చెరువు కింద నీరు పంచే నీరటి గట్టు మీద నిలబడి ఏ మడి తడిసిందో, ఏ మడి ఎండిందో కళ్లారా చూసి నీరు వదులుతాడు. బేస్ స్టేషన్‌కు ఆ వీలు లేదు, ఫోన్లు చెప్పినంతే దానికి తెలుస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఎంత పంపాలన్న వంతుల నిర్ణయాన్నే షెడ్యూలింగ్ అంటారు. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న చుట్టూనే అప్‌లింక్ చరిత్ర నడిచింది.

ఈ చరిత్ర సెల్‌ఫోన్ల కంటే ముందే మొదలైంది. 1971లో హవాయీ విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం నడిపిన అలోహా రేడియో నెట్‌వర్క్‌లో వంతులంటూ లేవు: పంపవలసింది ఉన్న టెర్మినల్ వెంటనే పంపేది, రెండు టెర్మినళ్లు ఒకేసారి పంపితే రెండు సందేశాలూ చెడిపోయేవి, జవాబు రాని టెర్మినల్ కొంతసేపు ఆగి మళ్లీ పంపేది. ఈ పద్ధతిలో ఛానల్ సామర్థ్యంలో సుమారు 18 శాతానికి మించి పని జరగదని గణితం తేల్చింది; 1972లో లారెన్స్ రాబర్ట్స్ కాలాన్ని సమానమైన గడులుగా విభజించి, గడి మొదట్లోనే పంపాలన్న నియమం పెట్టడంతో ఆ హద్దు రెట్టింపై సుమారు 37 శాతానికి చేరింది. రెండో తరమైన జీఎస్‌ఎంలో ఫోన్ నెట్‌వర్క్‌ను తొలిసారి పలకరించే ఛానల్‌లో ఈ గడుల పద్ధతే నిలిచింది. ఆ తర్వాత జీఎస్‌ఎంకు డేటా సేవగా చేరిన జీపీఆర్‌ఎస్‌లో మాత్రం డౌన్‌లింక్‌లో వచ్చే 3 బిట్ల గుర్తును చదివి, అది తనదైతేనే ఫోన్ డేటా పంపేది.

మూడో తరంలో పంచుకునే వస్తువే మారిపోయింది. 5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే క్యారియర్‌పై, అంటే ఒకే వాహక తరంగంపై, ఫోన్లన్నీ ఒకేసారి మాట్లాడుతూ కోడ్‌ల ద్వారా మాత్రమే వేరుపడేవి కనుక ఒకరి శక్తి మిగిలినవారందరికీ రొదగా మారేది. పంచవలసింది కాలాన్ని కాదు, బేస్ స్టేషన్ భరించగల రొదను. తొలి ప్రమాణమైన రిలీజ్ 99లో ఈ పంపకం అనేక బేస్ స్టేషన్లను ఏలే నియంత్రణ కేంద్రం చేతిలో ఉండేది. అది దూరాన ఉన్నందువల్ల నిర్ణయం నిదానంగా వచ్చేది. రిలీజ్ 6లో వచ్చిన హెచ్‌ఎస్‌యూపీఏ ఆ పనిని బేస్ స్టేషన్‌కే అప్పగించి, 10 లేదా 2 మిల్లీసెకన్ల గడుల్లోకి తెచ్చింది. ఇందులో ఫోన్‌కు అందే అనుమతిని గ్రాంట్ అంటారు. అది ఎన్ని బిట్లు పంపవచ్చో చెప్పదు, కొలతకు ఆధారమైన పైలట్ సంకేతాన్ని మోసే కంట్రోల్ ఛానల్ శక్తికి ఎన్ని రెట్ల శక్తిని డేటాకు వాడవచ్చో చెబుతుంది.

గ్రాంట్ చాలిందో లేదో ఫోన్ చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క బిట్. దాని పేరు హ్యాపీ బిట్. ఇచ్చిన గ్రాంట్‌ను ఫోన్ పూర్తిగా వాడుకుంటూ ఉండి, ఇంకా ఎక్కువ పంపే శక్తి మిగిలి ఉండి, బఫర్‌లో, అంటే పంపవలసిన డేటా క్యూలో, పేరుకున్నది ఖాళీ కావడానికి నిర్ణీత కాలం కంటే ఎక్కువ పట్టేలా ఉంటే, ఈ మూడూ కలిసినప్పుడే ఫోన్ తనకు చాలలేదని ఆ బిట్ ద్వారా తెలుపుతుంది. ఒక్క బిట్‌లో ఇంత షరతును ఇమిడ్చిన ప్రమాణకర్తల పొదుపు నిజంగా మెచ్చదగినది.

2009 నాటి రిలీజ్ 9లో పక్కపక్కనే ఉన్న రెండు క్యారియర్లపై ఒకే ఫోన్ అప్‌లింక్ పంపే వీలు వచ్చింది. గ్రాంట్‌లు రెండు, ఫోన్ శక్తి మాత్రం ఒక్కటే. గ్రాంట్ అవసరం లేని డేటాకు కావలసిన శక్తిని ముందుగా మొదటి క్యారియర్‌లో పక్కన పెట్టి, మిగిలినదాన్ని ఒక్కో క్యారియర్ పైలట్ శక్తిని దాని గ్రాంట్‌తో గుణించగా వచ్చే నిష్పత్తిలో పంచాలని ప్రమాణం నిర్దేశించింది. మిగిలిన శక్తి 100 మిల్లీవాట్లు అనుకుని, గ్రాంట్‌లు సమానంగా ఉండి, రెండో క్యారియర్ పైలట్‌కు మూడు రెట్లు శక్తి అవసరమైతే, మొదటిదానికి 25, రెండోదానికి 75 మిల్లీవాట్లు దక్కుతాయి. బలహీనమైన దారికే ఎక్కువ శక్తి పోతుందన్నమాట. ఈ సూత్రం గ్రాంట్‌లకు న్యాయం చేస్తుంది గానీ ఫోన్ బ్యాటరీకి చేయదు.

నాలుగో తరమైన ఎల్‌టీఈలో, రిలీజ్ 10 నాటికి, గరిష్ఠంగా 5 క్యారియర్లను కలిపి 100 మెగాహెర్ట్జ్ వరకు వాడే క్యారియర్ అగ్రిగేషన్ వచ్చింది. ఇక్కడ ఫోన్ రెండు రకాల నివేదికలు పంపుతుంది: బఫర్‌లో ఎంత మిగిలిందో చెప్పేది అన్ని క్యారియర్లకూ కలిపి ఒక్కటే, ఎందుకంటే క్యూ ఒక్కటే, ఇంకా ఎంత శక్తి మిగిలిందో చెప్పేది మాత్రం క్యారియర్ వారీగా విడివిడిగా ఉంటుంది. బేస్ స్టేషన్ వీటిని చూసి గ్రాంట్‌లు ఇస్తుంది. ఒకే మిల్లీసెకనులో రెండు గ్రాంట్‌లు వచ్చినప్పుడు, ఒకటి చిన్నదై నమ్మకమైన దారిలో, రెండోది పెద్దదై తడబడే దారిలో ఉందనుకుంటే, ముందుగా దేన్ని నింపాలి? ప్రాధాన్యం గల డేటాను ముందు నింపాలన్న నియమం ఉన్నందున, ఏ గ్రాంట్‌ను ముందు చేపడితే దానిలోకే మాటల ప్యాకెట్ పోతుంది. తడబడే దారిలో పడితే అది మళ్లీ మళ్లీ పంపబడి ఆలస్యమవుతుంది, దాని వెనుకటివి ముందే చేరి అవతల ఎదురుచూస్తాయి. ఇంత ముఖ్యమైన చోట ప్రమాణం ఏ వరుసనూ విధించలేదు. గ్రాంట్‌లను ఏ క్రమంలో చేపట్టాలన్నది ఫోన్ తయారీదారుకే వదిలిపెట్టింది. అలోహా టెర్మినల్ పోగొట్టుకున్న స్వేచ్ఛలో ఒక చిన్న తునక ఇలా ఫోన్‌లోని రేడియో భాగమైన మోడెమ్‌కు తిరిగి దక్కింది; ఆ క్షణాన తన క్యూనూ, తన శక్తినీ ఆలస్యం లేకుండా ఎరిగినది మోడెమ్ ఒక్కటే కనుక అది సరైన చోటికే చేరిందని చెప్పాలి.

ఐదో తరంలో ఒకే ఫోన్ రెండు బేస్ స్టేషన్లతో ఏకకాలంలో పనిచేసినప్పుడు, పేరుకున్న డేటా నిర్ణీత హద్దుకు లోపల ఉంటే ప్రధాన దారినే వాడాలి, హద్దును చేరితే రెండు దారుల్లో దేనికైనా పంపవచ్చు. ఏ ప్యాకెట్ ఎటు పోవాలో ప్రమాణం చెప్పదు. గ్రాంట్ అందకముందే ప్రసారాన్ని నడిపే కింది పొరలకు తోసేవాటిని వీలైనంత తక్కువగా ఉంచాలనీ, రెండు దారుల్లోకి పోయే ప్యాకెట్ల వరుస సంఖ్యల మధ్య ఎడం పెరగకుండా చూడాలనీ ఒక సూచన మాత్రం చేర్చి, మిగిలినదంతా మోడెమ్‌కు విడిచిపెడుతుంది.