పాత కారు సస్పెన్షన్: ఏ పార్టు మార్చాలి, ఏది కొనాలి?

లక్ష కిలోమీటర్లు దాటిన స్విఫ్ట్ గుంతల్లో చప్పుడు చేస్తే షాక్ అబ్జార్బర్లు పోయాయనే అనుకుంటాం. చాలాసార్లు తప్పు చిన్న రబ్బరు బుష్‌దో, లింక్ రాడ్‌దో అయి ఉంటుంది. అందుకే ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించుకోండి.

ఏ లక్షణానికి ఏ పార్టు?

చిన్న ఎత్తుపల్లాల్లో టకటకమంటే లింక్ రాడ్ చూడాలి. గుంతలో దబ్బుమంటే లోయర్ ఆర్మ్ బుష్, స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటే స్ట్రట్ మౌంట్ బేరింగ్. షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతున్నా, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఊగుతూనే ఉన్నా అది మార్చాల్సిందే.

బాల్ జాయింట్ లూజైతే మాత్రం వాయిదా వేయొద్దు. అది ఊడితే నడిచే బండి చక్రం పక్కకు ఒరిగిపోతుంది. ఇంటిల్లిపాదీ అందులోనే ఉంటారు కదా!

కొనేటప్పుడు

లోయర్ ఆర్మ్, బాల్ జాయింట్‌లకు కంపెనీ పార్టు గానీ, పేరున్న తయారీదారుది గానీ బిల్లుతో తీసుకోండి. రంగేసి అమ్మే పాత షాక్ అబ్జార్బర్లు వద్దు. ముందు రెండూ లేదా వెనక రెండూ జతగా మార్చాలి. ముందువి విప్పినప్పుడే అరిగిన మౌంట్, బంప్ స్టాప్ కూడా మార్పిస్తే రెండోసారి లేబర్ తప్పుతుంది.

బిగించేటప్పుడు

బుష్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. ఆఖరున వీల్ అలైన్‌మెంట్ చేయించండి, లేదంటే టైర్లు ఒక పక్కే అరుగుతాయి. విప్పిన పాత పార్టులు అడిగి తీసుకోవడం మరవొద్దు.