వినడానికి అడ్డొచ్చిన కులం

ఒంగోలు మిషన్ చరిత్రను క్లౌ దొరతో మొదలెట్టడం అలవాటు. కానీ 1866లో ఆయన అక్కడ కాపురం పెట్టకముందే తోళ్ల వర్తకుడు, మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని తనవాళ్లకు బోధ చెబుతున్నాడు. యోగ గురువుల దగ్గర కూర్చుని విన్న మనిషాయన. అందుకే ఆయన మాట పల్లెల్లో చెల్లింది.

మాదిగలు చేరితే మేం రామని బ్రాహ్మణులు తెగేసి చెప్పారు. దొర తడబడ్డాడు. దొరా, దొరసానీ విడివిడిగా బైబిల్ తెరిస్తే కొరింథీయుల మొదటి పత్రికలో బలహీనుల్ని దేవుడు ఎన్నుకున్నాడన్న మాటే ఇద్దరికీ ఎదురైందట. చర్చి దీన్ని దైవ నడిపింపంటుంది. సరే, ఎదురుగా నిలబడ్డ మాదిగ మాట వినడానికి ఇంకో సాక్ష్యం ఎందుకు కావాల్సొచ్చింది? అడ్డం భాష కాదు. పైకులాలు కదిలితేనే పని జరుగుతుందన్న నమ్మకం. భక్తి వేషంలో ఉన్న కులమది.

1876-78 కరువులో కూడా అంతే. తిండికోసం వస్తున్నారన్న అనుమానంతో బాప్తిస్మాలు ఆపారు. సాయం ఆగినా జనం ఆగలేదు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు.

ఇవాళ పీఠాల మీద మనవాళ్లే ఉన్నారు. మరి పల్లెలో కూలితల్లి నోరు విప్పితే అది సాక్ష్యమా, గొణుగుడా? తేల్చుకోవాల్సింది మనమే.