వెలుతురు సాయమున నీటిశుద్ధి

తెల్లరంగు పూసిన గోడలు కొన్నేండ్ల ఎండకు సుద్దవలె పొడిరాలుట రంగుల పరిశ్రమకు పాత చిక్కే. ఆ తెల్లదనము టిటేనియం డయాక్సైడు అను పొడిది. వెలుతురు తగిలినపుడు ఆ పొడియే తన్ను పట్టియుంచు నూనెను చెరచుచున్నదని పరిశోధకులు గ్రహించిరి. 1938లో గుడీవ్, కిచెనర్ అను శాస్త్రజ్ఞులు ఈ పొడి సమక్షమున అద్దకపు రంగులు వెలిసిపోవుటను పరిశీలించిరి. రంగులవారికది దోషము. ఆ దోషమునే గుణముగా వాడుకొనవచ్చునను తలంపు కలుగుటకు సుమారు నలువదేండ్లు పట్టినది.

ఈలోగా మలుపు జపానులో వచ్చెను. 1967లో టోక్యో విశ్వవిద్యాలయమున కెనిచి హోండా వద్ద పరిశోధన చేయుచున్న విద్యార్థి అకిరా ఫుజిషిమా, నీటిలో ముంచిన టిటేనియం డయాక్సైడు స్ఫటికముపై తీవ్రమైన కాంతిని ప్రసరింపజేసెను. స్ఫటికమునుండి ఆమ్లజని బుడగలు లేచినవి. తీగతో దానికి కలిపిన ప్లాటినమువద్ద ఉదజని వెలువడినది. స్ఫటికము మాత్రము తరుగలేదు. 1972లో ఈ సంగతి 'నేచర్' పత్రికలో ప్రకటితమయ్యెను. మరుసటి యేడే చమురు సంక్షోభము వచ్చుటచే, అందరును దీనిని ఇంధనపు మార్గముగనే చూచిరి.

నీటిలోని విషముల సంగతి కెనడాలో కేరీ మొదలగువారికి తట్టినది. ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్లు సూక్ష్మజీవులకు సులభముగ లొంగవు; నీటిలో చేరినచో ఏండ్ల తరబడి నిలిచి, చేపలలో పేరుకొనును. ఈ పొడి, వెలుతురు కలిసినచో వాని క్లోరిను విడిపోవునని 1976లో వారు చూపిరి. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ ఇట్లే సయనైడును ఆమ్లజనీకరింపగలిగిరి.

దీని కీలకమేమన, టిటేనియం డయాక్సైడు అర్ధవాహకము. సుమారు 388 నానోమీటర్లకు తక్కువ తరంగదైర్ఘ్యముగల కిరణము సోకగానే అందలి ఎలక్ట్రాను పైస్థాయికి ఎగురును. దాని చోట ఖాళీ మిగులును. ఆ ఖాళీ నీటినుండి ఎలక్ట్రానును లాగుకొనగా హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టును. ఇది దాదాపు ప్రతి కర్బన పదార్థమును ముక్కలు చేయును. ప్రక్రియ పూర్తియైనచో బొగ్గుపులుసు వాయువు, నీరు, లవణములు మిగులును. ఎగిరిన ఎలక్ట్రానును నీటిలో కరిగిన ఆమ్లజని అందుకొనవలెను. లేనిచో అది తిరిగి ఖాళీలోనే పడి కాంతి వ్యర్థమగును. నీటిలోనికి గాలి ఊదుట ఇందుకే.

చిక్కెల్ల ఎండతోనే. అందు పనికివచ్చు అతినీలలోహిత భాగము నూటికి నాలుగైదు పాళ్లే. 2001లో జపానువారు నత్రజని చేర్చి, కంటికి కనుపించు వెలుతురుకును ఈ పదార్థము స్పందించునట్లు చేసిరి. సన్నని పొడిని నీటినుండి తిరిగి వేరుచేయుట మరియొక బెడద. స్పెయినులోని అల్మేరియావద్ద ఎండను అద్దములతో గాజుగొట్టములపైకి మరల్చి ఈ పద్ధతిని పెద్దయెత్తున పరీక్షించిరి. పట్టణపు మురుగంతయు దీనికప్పగించుట ఇంకను గిట్టుబాటు కాలేదు. సూక్ష్మజీవులకు లొంగని పురుగుమందులు, ఔషధ శేషములవంటి మొండి పదార్థములకే దీనిని ముఖ్యముగ ఉద్దేశించుచున్నారు.