తమిళ అక్షరాల్లో ‘చంటబ్బాయ్’

మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. అందుకే మా మామ అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్టు మీద ‘చంటబ్బాయ్’ అని తమిళ అక్షరాల్లో రాసుండేది. ఆ లిపిలో చ, స ఒకటే. ప, బ ఒకటే. నేను చాన్నాళ్లు దాన్ని ‘సండప్పాయ్’ అనే చదివాను.

1986 నాటి ఆ జంధ్యాల సినిమాలో చిరంజీవి నవ్వించే డిటెక్టివు. మా ధర్మపురి బస్టాండు దగ్గరి టీ కొట్లో దాని మీద పంచాయితీ ఏళ్ల తరబడి నడిచింది. “చిరంజీవి చేత కోతిచేష్టలు చేయిస్తారా?” అని సగం మంది. అదే బాగుందని మిగతా సగం. మామది రెండో పక్షం.

1965లో సేలం నుంచి విడిపోయిన జిల్లా మాది. 2004 దాకా హోసూరు, కృష్ణగిరి ఇందులోవే. అటునుంచి పెళ్లిళ్లకొచ్చే చుట్టాలే మా సమీక్షకులు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా కబురూ పెళ్లి పంక్తిలోనే అందింది, సాంబారు వడ్డనకు ముందే.

2021లో ‘సినిమా బండి’ నేరుగా ఫోన్లోకే వచ్చింది. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటోవాడికి కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీసే కథ. పది నిమిషాలకే మామ ఆపమన్నాడు.

“ఏం మామా, బాగలేదా?”

“బాగుందప్పా. వీళ్లు మనింట్లో మాదిరే మాట్లాడతారే!”

ఆ యాస వినడానికే రెండోసారి పెట్టించుకున్నాడు. నా లెక్కలో ఇప్పటికీ ‘చంటబ్బాయే’ పైన. మామే పార్టీ మార్చాడు.