బడి డేటాబేస్‌ను వెబ్‌లోకి తేవడం ఎలా: మాతృభాష గడి నుంచి బ్యాకప్ దాకా

తెలుగు సంఘాలు, ట్రస్టులు నడిపే చిన్న బడుల్లో పిల్లల వివరాలు తరచూ ఆఫీసు గదిలోని ఒక్క కంప్యూటర్లో, గుమాస్తాకు మాత్రమే తెలిసిన ఎక్సెల్ ఫైలులో ఉంటాయి. ప్రభుత్వ పోర్టళ్ళు వచ్చాక అవే వివరాలను మళ్ళీ మళ్ళీ టైపు చేయాల్సి వస్తోంది. ఆ ఫైలును వెబ్ ద్వారా చూసుకునే, దిద్దుకునే డేటాబేస్‌గా మార్చాలనుకునే కమిటీల కోసం, ఆ బడుల్లో పిల్లలున్న కుటుంబాల కోసం ఈ వ్యాసం. పని ఎలా చేయాలో చెబుతూనే, మనకు అన్నిటికంటే ముఖ్యమైన ఒక గడి గురించి ప్రత్యేకంగా చెబుతాం. అది మాతృభాష గడి.

ఆ గడికి అంత విలువ ఎందుకు

1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. ఎంతమంది ఉంటే ఆ సదుపాయం అన్న ప్రశ్నకు 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఇప్పటికీ చెప్పుకునే లెక్క ఇదే.

ఆ రక్షణల్లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఏ భాషలో చదవాలనుకుంటున్నారో పిల్లల పేర్లను ముందుగానే రిజిస్టరులో రాసుకోవడం, ఒక బడిలో సంఖ్య చాలకపోతే పక్క బడుల పిల్లలతో కలిపి సర్దుబాటు చేయడం. ఒకప్పుడు కాగితం మీద జరగాల్సిన ఆ నమోదు స్థానంలో ఇప్పుడు డేటాబేస్ ఉంది. 2011 జనగణనలో తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. కానీ తెలుగు టీచరు పోస్టు కావాలని అర్జీ పెట్టినప్పుడు అధికారి చూసేది జనగణన కాదు, ఆ బడి లెక్క. అందులో మన పిల్లలు తెలుగువాళ్ళుగా లేకపోతే, తరగతి గదిలో ఉన్నా లేనట్టే.

ముందుగా ప్రభుత్వ డేటాబేస్‌లు

దేశంలోని బడులన్నిటి వివరాలూ చేరే చోటు యూడైస్ ప్లస్. 2018-19 నుంచి ఇది ఆన్‌లైన్‌లో నడుస్తోంది. 2022-23 నుంచి తరగతివారీ మొత్తాలు కాకుండా ఒక్కొక్క విద్యార్థి వివరాలు విడిగా ఎక్కిస్తున్నారు. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27, యానాం ఉన్న పుదుచ్చేరికి 34. ప్రతి విద్యార్థికీ బడి మారినా మారని శాశ్వత విద్యా సంఖ్య ఇస్తారు. దీన్నే పెన్ అంటున్నారు.

ఇదికాక తమిళనాడులో ఎమిస్, కర్ణాటకలో స్యాట్స్, మహారాష్ట్రలో సరళ్ అనే రాష్ట్ర వ్యవస్థలు ఉన్నాయి. వీటిలో వివరాలు ఎక్కించేది బడే. బడి స్థాయి వివరాలను మాత్రం యూడైస్ ప్లస్ సైటులోని 'నో యువర్ స్కూల్' పేజీలో ఎవరైనా చూడవచ్చు.

ఇక్కడ మనవాళ్ళు తరచూ పొరబడే విషయం ఒకటుంది. యూడైస్ ప్లస్ విద్యార్థి ఫారంలో 'మైనారిటీ' అనే గడి మతానికి సంబంధించింది. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ అన్న వర్గాలే అందులో ఉంటాయి. భాషా అల్పసంఖ్యాకులమని ఆ గడిలో చెప్పుకోలేం. పిల్లవాడి భాష కనిపించేది మాతృభాష గడిలో మాత్రమే. బోధనా మాధ్యమం వేరే గడి. ఇంగ్లీషు మీడియంలో చదివినా మాతృభాష తెలుగే అని రాయించుకోవచ్చు, రాయించుకోవాలి.

సరిహద్దు జిల్లాలోని ఒక ట్రస్టు బడికి ఈ మార్పులో మేము సాయపడ్డాం. పాత ఫైలు తెరిస్తే మాతృభాష కాలమ్‌లో పైనుంచి కిందిదాకా ఒకే మాట, ఆ రాష్ట్ర భాష పేరు. ఎవరూ కావాలని చేసింది కాదు. మొదటి వరుసలో ఒకసారి టైపు చేసి, మౌస్‌తో కిందికి లాగేశారు. అడ్మిషన్ రిజిస్టరు తీసి చూస్తే చాలామంది పిల్లల ఎదుట హెడ్మాస్టరు చేతిరాతతో 'తెలుగు' అని స్పష్టంగా ఉంది. ఆ ఫైలును అలాగే వెబ్‌లోకి ఎక్కించి ఉంటే తప్పు ఇంకా గట్టిపడేది. అందుకే మొదటి మెట్టు కంప్యూటరు పని కాదు, రిజిస్టరు పని.

ఫైలును శుభ్రం చేయడం

అడ్మిషన్ రిజిస్టరును పక్కన పెట్టుకుని ఒక్కొక్క వరుసా సరిచూడాలి. ముఖ్యంగా చూడాల్సినవి ఇవి:

- మాతృభాష గడిలో ముందే నింపి ఉంచిన విలువ ఉండకూడదు. ఖాళీగా ఉంచి, చూసి నింపాలి.
- పుట్టిన తేదీ. 05-06-2014 అంటే జూన్ 5 అని మనం అనుకుంటే, కంప్యూటరు మే 6 అనుకోవచ్చు. సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో మార్చుకుంటే గొడవ ఉండదు.
- పొడవైన సంఖ్యలు. 12 అంకెల సంఖ్యను ఎక్సెల్ కుదించి వేరే రూపంలో చూపిస్తుంది. ఆ కాలమ్‌ను ముందే 'టెక్స్ట్'గా పెట్టాలి.
- ఫైలును సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు 'యూటీఎఫ్-8' రకాన్నే ఎంచుకోవాలి. లేకపోతే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి.
- పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు డేటాబేస్‌లో పనికిరాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పేరు రాయడంలో వచ్చే చిక్కులు

మన పిల్లల పేరు కనీసం రెండు లిపుల్లో, తరచూ మూడు లిపుల్లో ఉంటుంది. ఇంగ్లీషు, రాష్ట్ర భాష, తెలుగు. ఒక లిపిలోని పేరును కంప్యూటరు చేత ఇంకో లిపిలోకి మార్పించి వదిలేస్తే తప్పులు తప్పవు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకే అక్షరం. అక్కడి నుంచి మారిస్తే గంగాధర్ కంకాతర్ కావచ్చు. ఒడియాలో వెంకట్ 'భెంకట'గా రాయడం మామూలే. దేవనాగరిలో ఎ, ఏ ల తేడా, ఒ, ఓ ల తేడా నిలవదు. కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. యానాంలో తెలుగే స్థానిక అధికార భాష కాబట్టి రెండు లిపులతో సరిపోతుంది. ఏ ఊళ్ళోనైనా డేటాబేస్‌లో ప్రతి లిపికీ విడి గడి పెట్టి, మనిషి చేత టైపు చేయించడమే మంచిది.

ఇంటిపేరు ఇంకో చిక్కు. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఆధార్‌లో ఒక రకంగా, బడిలో ఇంకో రకంగా ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో పేరు సరిపోలక ఆగిపోతుంది. ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు, తల్లి పేరు నాలుగూ నాలుగు గడుల్లో ఉంచుకుంటే ఏ ఫారానికి కావలసిన రూపంలో దానికి కూర్చుకోవచ్చు.

గడి పొడవు కూడా చూసుకోవాలి. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరమే అయినా కంప్యూటరుకు నాలుగు సంకేతాలు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. ఇంగ్లీషు పేర్లకు సరిపోయే పొడవు పెడితే తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది.

వెబ్‌లోకి ఎక్కించడం

ఎక్సెల్, యాక్సెస్ ఫైళ్ళను నేరుగా నలుగురికీ తెరిచి పెట్టడం సరైన దారి కాదు. ఇద్దరు ఒకేసారి రాస్తే ఫైలు పాడవుతుంది, లేదా ఒకరు రాసింది పోతుంది. కావలసినవి మూడు: వివరాలు దాచే డేటాబేస్ సర్వర్ (మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి ఉచితమైనవి చాలు), దానితో మాట్లాడే ప్రోగ్రాం, ఆ పేజీలను బ్రౌజరుకు పంపే వెబ్ సర్వర్. ప్రోగ్రాంను మొదటి నుంచి రాయించుకోనక్కర్లేదు. ఓపెన్‌సిస్, గిబ్బన్ వంటి ఓపెన్ సోర్స్ బడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

బయటి నుంచి చూడాల్సిన అవసరం లేని బడి అయితే, బడి లోపలి నెట్‌వర్కు వరకే ఉంచడం చౌక, భద్రం. ట్రస్టు సభ్యులు వేరే ఊళ్ళలో ఉంటే అద్దె సర్వర్ తీసుకోవచ్చు. అప్పుడు ఈ నాలుగు జాగ్రత్తలు తప్పనిసరి:

1. డేటాబేస్ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకూడదు. ప్రోగ్రాం మాత్రమే దాన్ని చేరాలి.
2. చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరుచుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. గడువు తక్కువ కాబట్టి దానంతట అదే పునరుద్ధరణ అయ్యేలా పెట్టించాలి.
3. పేజీ చిరునామాలో విద్యార్థి సంఖ్య కనిపిస్తుంటే, దాన్ని మార్చి చూడండి. వేరే పిల్లవాడి పేజీ తెరుచుకుంటే ఆ ప్రోగ్రాం అప్పగింత తీసుకోవద్దు.
4. ఒక కంపెనీ సేవను కొంటుంటే, ఒప్పందం ముగిశాక మొత్తం వివరాలు సీఎస్‌వీ రూపంలో తిరిగి ఇస్తారని రాతపూర్వకంగా రాయించుకోవాలి.

ఎవరికి ఎంత అనుమతి

ఆఫీసంతా ఒకే పాస్‌వర్డ్ వాడటం ఎక్కడైనా జరిగేదే. అలా ఉంటే తప్పు ఎవరు చేశారో తెలియదు. ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఇవ్వాలి. టీచరు తన తరగతి హాజరు, మార్కులు నింపుతారు. గుమాస్తా చేరికలు, ఫీజులు, టీసీలు చూస్తారు. పేరు, పుట్టిన తేదీ, మాతృభాష అనే మూడు గడులను మార్చే అనుమతి హెడ్మాస్టరుకే ఉండాలి. ఆ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారు, పాత విలువ ఏమిటి అన్నది చెరగని చిట్టాలో నిలవాలి. కమిటీ సభ్యులకు మొత్తాల పట్టిక చాలు, పిల్లల ఇళ్ళ చిరునామాలు అక్కర్లేదు. తల్లిదండ్రులకు లాగిన్ ఇస్తే తమ బిడ్డ వివరాలు చూసే అనుమతి, తప్పుంటే తెలియజేసే మీట ఇవ్వండి, దిద్దే అనుమతి వద్దు. ఉద్యోగం మానేసినవారి లాగిన్ అదే రోజు మూసేయాలి.

చట్టం ఏమంటుంది

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ప్రధానం. భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. చిన్న బడికి అంత వేస్తారా అన్నది పక్కన పెడితే, అవసరం లేనిది దాచకపోవడమే తెలివైన పని. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తేల్చింది. సొంత డేటాబేస్‌లో పూర్తి ఆధార్ సంఖ్య ఉంచకుండా, చూశాం అన్న గుర్తు, చివరి నాలుగు అంకెలు ఉంచుకుంటే చాలు.

బ్యాకప్

మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి బడి ఆవరణ బయట. ఇది అందరూ పాటించే లెక్క. దానికి తోడు, ఏడాదికి రెండుసార్లు బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు. చేతిరాత అడ్మిషన్ రిజిస్టరును మాత్రం ఎప్పటికీ పారేయకండి. పైన చెప్పిన బడిలో మన పిల్లల భాషను నిలబెట్టింది ఆ రిజిస్టరే.

ఇంటివాళ్ళు చేయాల్సింది

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక పదో తరగతిలో తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాక సంస్థలు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అటువంటి రోజున పిల్లల మాతృభాష ఏమిటో బడి రికార్డే చెప్పాలి. పదో తరగతిలో దిద్దబోతే ఆలస్యమవుతుంది. చేర్పించే రోజే చూసుకోవాలి.

- చేరిక ఫారంలో మాతృభాష గడిని మీ చేత్తో మీరే నింపండి. గుమాస్తాకు వదలకండి.
- నింపిన ఫారం నకలు ఇంట్లో ఉంచుకోండి.
- ఏటా ఒకసారి హెడ్మాస్టరు గారిని కలిసి, యూడైస్ ప్లస్‌లోనూ రాష్ట్ర పోర్టల్‌లోనూ మీ బిడ్డ పేరు, పుట్టిన తేదీ, మాతృభాష ఎలా ఉన్నాయో తెర మీద చూపించమని అడగండి.
- తప్పుంటే నోటిమాటగా కాదు, అర్జీగా రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.
- సంఘం తరఫున తరగతివారీగా తెలుగు పిల్లల సంఖ్య రాసుకోండి. 10, 40 లెక్కకు ఎంత దూరంలో ఉన్నామో అప్పుడే తెలుస్తుంది.

ఇంట్లో మాట్లాడే భాష తెలుగే అయినా, ఫారం దగ్గరకు వచ్చేసరికి 'ఏదో ఒకటి రాయండి సార్' అనే అలవాటు మనలో ఉంది. డేటాబేస్‌కు అది ఏదో ఒకటి కాదు. ఒకసారి ఎక్కిన మాట ఆ బిడ్డ వెంట బడి నుంచి బడికి నడుస్తుంది. ఈ జూన్‌లో బడి తెరిచినప్పుడు ఆ ఒక్క గడి చూసి రండి.