శ్రీమతి పేరున పి.పి.ఎఫ్.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫిబ్రవరి నెల వచ్చిందంటే మనందరికీ ఒకటే హడావుడి. పొదుపు రసీదులు జతపరచి ఆదాయపు పన్ను లెక్క ఇస్తేగాని జీతం బిల్లు కదిలేది కాదు. చాలా ఏళ్ళు ఆ బిల్లుల సీటులో కూర్చున్నవాణ్ణి కనుక, "మా ఆవిడ పేరున పి.పి.ఎఫ్. కట్టానండీ, నా లెక్కలో చూపొచ్చా?" అన్న ప్రశ్న నాకు బాగా పరిచయం. చూపవచ్చు. అయితే ఆ జవాబు వెనుక ఉన్న కథ మన సభ్యులలో చాలామందికి తెలియదు.

భార్య విషయంలో మన పన్ను చట్టానిది మొదటి నుంచీ రెండు నాల్కల ధోరణి. 1922 చట్టం 15వ సెక్షన్ ప్రకారం భార్య జీవితం మీద భర్త, భర్త జీవితం మీద భార్య కట్టే బీమా ప్రీమియంకు మినహాయింపు ఉండేది. 1937లో అదే చట్టానికి 16(3) వచ్చి చేరింది. భర్త తన ఆస్తిని ఊరికే భార్య పేర పెడితే, దాని మీద వచ్చే ఆదాయాన్ని భర్త లెక్కలోనే కలపాలన్నది. పన్ను తప్పించుకోవడానికే పెళ్ళాం పేర పెడతారని సర్కారువారి అనుమానం. (ఆ అనుమానం పూర్తిగా అన్యాయమైనదని నేననను.) 1957లో సోద్రా దేవి కేసులో సుప్రీంకోర్టు ఆ నియమంలోని 'వ్యక్తి' అంటే పురుషుడేనని తేల్చింది. 1961 చట్టం 64వ సెక్షన్లో మాట మార్చి, దంపతులలో ఎవరు ఎవరికిచ్చినా వర్తించేటట్టు చేశారు.

ఈ కట్టుబాట్ల నడుమ 1968లో ప్రజా భవిష్య నిధి పథకం పుట్టింది. జి.పి.ఎఫ్. లేనివారికి కూడా అటువంటి నిధి ఉండాలన్నది ఉద్దేశం. గడువు 15 ఏళ్ళు. మొదట వడ్డీ 4.8 శాతం, 1986 ఏప్రిల్ నుంచి 2000 జనవరి దాకా 12 శాతం. ఆ పన్నెండు శాతం రోజులను తలచుకోని పెన్షనరు లేడు. 2020 ఏప్రిల్ నుంచి అది 7.1కి దిగింది.

2005లో వచ్చిన 80సి సెక్షన్ ప్రకారం భార్య లేదా భర్త ఖాతాలో కట్టిన సొమ్ముకు కూడా, కట్టినవారికే మినహాయింపు. మొదట లక్ష, 2014 నుంచి లక్షన్నర. రెండు ఖాతాలున్నా ఒకరి లెక్కలో మినహాయింపు మాత్రం ఆ పరిమితి మేరకే. వడ్డీకి పన్నే లేదు కాబట్టి 64వ సెక్షన్ కింద కలపడానికి ఏమీ మిగలదు. గడువు తీరాక ఆ సొమ్ము బ్యాంకు డిపాజిట్టులో వేస్తే మాత్రం, భర్త ఇచ్చిన అసలు మేరకు వచ్చే వడ్డీ మళ్ళీ ఆయన లెక్కలోకే వస్తుంది.

నాకు ముఖ్యమనిపించేది వేరొకటి. పి.పి.ఎఫ్.లో జాయింటు ఖాతా కుదరదు. ఇల్లు ఆయన పేరు, పొలం ఆయన పేరు, స్కూటరు సైతం ఆయన పేరే అయిన కుటుంబాలలో, ఈ ఒక్క పాస్ బుక్కు మీద ఆవిడ పేరు ఒంటరిగా ఉంటుంది. పైసా తీయాలన్నా ఆవిడ సంతకం కావాలి. కోర్టు డిక్రీ తెచ్చుకున్న అప్పులవాడు సైతం ఆ నిల్వను జప్తు చేయించలేడు. పన్ను మిగులుతుందని కట్టిన భర్తలలో ఎందరు ఈ సంగతి ఆలోచించారో గాని, డబ్బు మాత్రం చట్టప్రకారం ఆవిడదే అయింది. అయితే ఆ పాస్ బుక్కు బీరువాలో ఏ అరలో ఉందో కూడా తెలియని ఇల్లాళ్ళు ఉన్నారు!

జాతీయ పెన్షను పథకాన్ని 2009లో అందరికీ తెరిచినా, అందులో శ్రీమతి ఖాతాకు కట్టినదానికి భర్తకు మినహాయింపు ఇవ్వలేదు. 2020లో వచ్చిన కొత్త పన్ను విధానంలో 80సి మినహాయింపే లేదు. 2023 నుంచి, మనం పాతది కావాలని కోరకపోతే కొత్తదే వర్తించసాగింది. దాంతో ఇంట్లోని కుర్రవాళ్ళు "ఇక కట్టడం దండగ నాన్నా" అంటున్నారు. పన్ను మినహాయింపు ఉన్నా లేకపోయినా ఏడాదికి కనీసం 500 రూపాయలు కట్టకపోతే ఆ ఖాతా ఆగిపోతుంది. అందుచేత ఈ మార్చి లోపల ఆ పాస్ బుక్కు బయటికి తీసి, ఆవిడ చేతనే తెరిపించి, నామినీ పేరు సరిగా ఉందో లేదో ఇద్దరూ చూసుకోవాలని మన సభ్యులకు నా మనవి.