మేరీకి పెళ్లి చేసిన టీవీ

మా అక్కకి పదమూడో ఏట మెదడువాపు జ్వరం వచ్చి చూపు పోయింది. పరామర్శకి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఇంక దీనికి పెళ్లెలా అవుతుందమ్మా?" చదువు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. లారా ఇంగాల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్' పుస్తకాలు చదివి, వాటి ఆధారంగా తీసిన అమెరికన్ టీవీ సీరియల్ చూసినప్పుడు ఆ మాటే మళ్లీ నా చెవిలో పడింది.

1932 నుంచి 1943 వరకు వచ్చిన ఈ ఎనిమిది పుస్తకాల్లో ఎక్కువ భాగం లారా బాల్యమే. ఊళ్లు మారుతూ బతికిన ఒక వలస రైతు కుటుంబాన్ని ఆడపిల్ల కళ్లతో చూస్తాం. అక్క మేరీకి జబ్బు చేసి చూపు పోయాక, చుట్టూ ఉన్నదంతా ఆమెకి మాటల్లో చెప్పే పని లారాది. లారా రచయిత్రి కావడానికి పునాది అక్కడే పడిందని నాకనిపిస్తుంది. మేరీ కాలేజీ ఖర్చుల కోసం లారా చొక్కాలు కుడుతుంది, ఇష్టం లేకపోయినా టీచరవుతుంది. ఒక చెల్లి కష్టం మీద అక్క చదువు నిలబడుతుంది.

ఇది కల్పన కాదు. 1879లో, పద్నాలుగేళ్ల వయసులో, మేరీకి చూపు పోయింది. 1881లో అయోవా రాష్ట్రంలోని వింటన్ అంధుల కాలేజీలో చేరి 1889లో చదువు పూర్తి చేసింది. పెళ్లి చేసుకోలేదు.

1974 నుంచి 1983 వరకు ఎన్‌బీసీలో వచ్చిన సీరియల్‌కి కేంద్రం తండ్రి చార్లెస్. ఆ పాత్ర వేసిన మైకేల్ లాండన్ నిర్మాత కూడా, చాలా భాగాలకు దర్శకుడూ, రచయితా ఆయనే. కథ లారా చేతిలోంచి తండ్రి చేతిలోకి పోయింది. అందులో మేరీ కూడా అంధుల బడికి వెళ్తుంది, పాఠాలు చెబుతుంది. కానీ 1978లోనే ఆమెకి ఆడమ్ అనే ఉపాధ్యాయుడితో పెళ్లి చేసేశారు. తర్వాత బిడ్డ అగ్నిప్రమాదంలో పోతుంది. ఆడమ్‌కి మాత్రం చూపు తిరిగొచ్చి లాయరవుతాడు. మేరీ దుఃఖం మోస్తూ మిగిలింది. పెళ్లికాని అంధురాలి జీవితం కూడా నిండుగా ఉండొచ్చని టీవీ ఎందుకు నమ్మలేకపోయింది?

అలాగని పుస్తకాలన్నీ నిజం, టీవీ అంతా అబద్ధం అనలేం. 1876లో పసితమ్ముడు చనిపోయిన సంగతి లారా తన నవలల్లో రాయలేదు. అలాంటి మరణాన్ని సీరియల్ 1974లోనే చూపించింది. కాన్సాస్‌లో ఆ చిన్న ఇల్లు లేచింది ఒసేజ్ ఆదివాసుల నేల మీద. వాళ్లని చూపిన తీరు కారణంగానే 2018లో అమెరికన్ బాలసాహిత్య పురస్కారం నుంచి లారా పేరు తీసేశారు. ఎవరు చెప్పినా ఏదో ఒకటి వదిలేస్తారు. ఏం వదిలారు, ఎవరిని వదిలారు అన్నదే మనం అడగాలి.

ఆ ప్రశ్న నాకూ తగులుతుంది. నేను అక్కకి వారపత్రికల్లో సీరియళ్లు చదివి వినిపించేదాన్ని. తర్వాత టీచరునయ్యాను. మొదటి జీతంతో ఆమెకి చీర కొన్నాను. చీర రంగేమిటని అడిగి, అంచు చాలాసేపు తడిమి చూసుకుంది. బ్రెయిలీ నేర్పించాలని మాత్రం నాకు తోచలేదు.